స్లాబ్ పడేలోపే తేలాలి: ఎమ్ఈపీ పనికి టూడీ డ్రాయింగ్ చాలా, బిమ్ మోడల్ కావాలా?

ఓ ఆసుపత్రి సైట్. మూడో అంతస్తు కారిడార్‌లో బీమ్‌కు కోర్ కటింగ్ మిషన్ బిగించారు. బిట్ తిరుగుతుంటే సిమెంటు కలిసిన బూడిద రంగు నీళ్లు గోడ వెంట కారుతున్నాయి. నాలుగంగుళాలు లోపలికి పోయాక శబ్దం మారింది. గరగర పోయి సన్నటి కీచు మొదలైంది. కడ్డీ తగిలిందన్నమాట. ఆపరేటర్ మిషన్ ఆపి మా వైపు చూశాడు. స్ట్రక్చరల్ ఇంజనీర్‌కు ఫోన్ చేస్తే ఆయన చెప్పింది ఒకటే మాట: "ఇంకొక్క ఇంచు కూడా పోవద్దు."

ఆ బీమ్‌కు రంధ్రం ఎందుకు కావాల్సి వచ్చిందంటే, ఏసీ డ్రాయింగ్‌లో డక్ట్‌ను, అంటే గాలి పోయే రేకు గొట్టాన్ని, బీమ్ అడుగుకు ఆనించి గీశారు. ప్లంబింగ్ డ్రాయింగ్‌లో టాయిలెట్ల నుంచి వచ్చే డ్రెయిన్ పైపు కూడా అదే ఎత్తులో ఉంది. ఏ డ్రాయింగ్‌లోనూ దానికదిగా తప్పు లేదు. రెండూ కలిపి అక్కడ పట్టవు, అంతే. డక్ట్ వాళ్లు ముందొచ్చి బిగించేశారు, పైపు వాళ్లు తర్వాత వచ్చారు. చివరికి ఆ పైపును ఇంకో గది మీదుగా తిప్పి, ఆ గది సీలింగ్‌ను 200 మి.మీ. కిందికి దించాం. మూడు వారాలు పోయాయి. ఆ డ్రాయింగులు చూసి సరేనన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు బిల్డర్లు, ఎమ్ఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్ పనుల) కాంట్రాక్టర్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే: "మా ప్రాజెక్టుకు బిమ్ అవసరమా? అవసరమైతే బయట చేయించాలా, మనమే టీమ్ పెట్టుకోవాలా?" బిమ్ అంటే భవనాన్ని కంప్యూటర్‌లో ముందే కట్టి చూసుకునే డిజిటల్ మోడల్. అందులో గీతలు ఉండవు, వస్తువులుంటాయి. ఒక పైపును పట్టుకుంటే దాని సైజు, ఎత్తు, వాలు, ఏ సిస్టమ్‌కు చెందిందో అన్నీ చెబుతుంది. అందరికీ ఇది ఒకే స్థాయిలో అవసరం లేదు. ఎవరికి ఎంత కావాలో తేల్చుకోవడం కోసమే ఈ వ్యాసం.

## ముందు ఏం చూసుకోవాలి

సాఫ్ట్‌వేర్ పేర్లు పక్కన పెట్టండి. నా అనుభవంలో నిర్ణయాన్ని తేల్చేవి ఐదు విషయాలు. మొదటి రెండూ మిగతా మూడింటికన్నా చాలా పెద్దవి.

సీలింగ్ లోపల ఎంత ఇరుకు? దీన్ని ఊహించకండి, లెక్క కట్టండి. ఒక మామూలు కారిడార్ తీసుకుందాం. కింది స్లాబ్ పై నుంచి పై స్లాబ్ పై దాకా 3600 మి.మీ. స్లాబ్‌తో కలిపి బీమ్ లోతు 600. అంటే బీమ్ అడుగు 3000 దగ్గర ఉంటుంది. ఫ్లోరింగ్ మందం వదిలేద్దాం. ఆర్కిటెక్ట్ ఫాల్స్ సీలింగ్ 2550 దగ్గర కావాలన్నారు. మనకు దొరికింది 450.

అందులో డక్ట్ ఎత్తు 300. పైనా కిందా 25 చొప్పున ఇన్సులేషన్ వేస్తే 350. సీలింగ్ ఫ్రేమ్‌కూ లైటుకూ ఓ 100. అయిపోయింది, ఇంకేం మిగల్లేదు. ఇంకా 100 మి.మీ. స్ప్రింక్లర్ పైపు ఉంది, దాని బయటి కొలత 114. కేబుల్ ట్రే ఉంది. పైగా 110 మి.మీ. డ్రెయిన్ పైపు ఉంది. దానికి 80కి 1 వాలు పెట్టుకున్నారనుకోండి, ఎనిమిది మీటర్లు పోయేసరికి 100 మి.మీ. దిగుతుంది. అంటే ఆ ఒక్క పైపుకే 210 మి.మీ. ఎత్తు కేటాయించాలి. ఇవన్నీ డక్ట్ పక్కన సర్దుకోవాలి తప్ప కింద కుదరదు. పక్కన సర్దాలంటే కారిడార్ వెడల్పు సరిపోవాలి. రెండు కారిడార్లు కలిసే మలుపు దగ్గర ఒకదాన్ని ఒకటి దాటాలి కదా, అక్కడ పట్టదు.

ఈ లెక్క కాగితం మీద అరగంట పని. మీ బిల్డింగులో అన్నిటికన్నా ఇరుకైన మూడు చోట్లకు ఇలా చేసి చూడండి. మూడింట్లోనూ సులువుగా పడితే మీకు పూర్తి మోడల్ అవసరం లేకపోవచ్చు. ఒక్కదాంట్లో పడకపోయినా టూడీ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

స్లాబ్ పోయడానికి ఎన్ని రోజులుంది? స్లీవ్‌లు (పైపు దాటడానికి కాంక్రీటులో ముందే పెట్టే గొట్టం ముక్కలు), కటౌట్‌లు, వైర్లు పోయే కాండ్యూట్‌లు అన్నీ కాంక్రీటు పడకముందు తేలాలి. కాంక్రీటు పడ్డాక వచ్చే మోడల్ జరిగిన తప్పును అందంగా చూపిస్తుంది, అంతే. హైదరాబాద్‌లో ఎత్తయిన అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇప్పుడు అల్యూమినియం ఫార్మ్‌వర్క్‌తో, అంటే అందరూ మైవాన్ అనే పద్ధతిలో లేస్తున్నాయి. గోడలు కూడా కాంక్రీటే. స్విచ్‌బోర్డు డబ్బా, కాండ్యూటు, స్లీవ్ అన్నీ పోతకు ముందే లోపల పెట్టేయాలి. ఒక టాయిలెట్‌లో స్లీవ్ ఆరంగుళాలు పక్కకు పడితే, అదే షట్టరింగ్ పైకి పోతుంది కాబట్టి అదే తప్పు పాతిక అంతస్తుల్లోనూ పడుతుంది. ఆఫీసు బిల్డింగుల్లో పోస్ట్ టెన్షన్ స్లాబులుంటే ఇంకా జాగ్రత్త. లోపల బిగించిన కేబుళ్లుంటాయి. తర్వాత కోర్ కటింగ్ చేద్దామనే మాటే అక్కడ ప్రమాదం.

ప్రశ్నకు జవాబు ఎవరిస్తారు? డక్ట్‌కూ పైపుకూ తగాదా ఉందని మోడల్ చూపిస్తుంది. ఎవరు జరగాలో అది చెప్పదు. ఆ మాట చెప్పే మనిషి, చెప్పే అధికారం ఉన్న మనిషి మీ దగ్గర లేకపోతే ఏ దారి ఎంచుకున్నా క్లాష్ రిపోర్టులు, అంటే ఏది దేనికి తగులుతుందో చెప్పే జాబితాలు, ఈమెయిల్లో పేరుకుపోతాయి.

డిజైన్ ఎన్నిసార్లు మారుతుంది? అమ్మకాల వాళ్లు, అద్దెకు వచ్చేవాళ్లు, ఆర్కిటెక్ట్ తరచూ మార్పులు చేస్తుంటే మోడల్ మీ పక్కనే ఉండాలి. వేరే ఆఫీసులో ఉంటే ప్రతి మార్పుకూ వారం పోతుంది.

కట్టిన తర్వాత మోడల్ ఎవరికి పనికొస్తుంది? ఆసుపత్రి, డేటా సెంటర్, పెద్ద హోటల్ అయితే నిర్వహణ వాళ్లకు పనికొస్తుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు మాత్రం నీటి వాల్వులు ఎక్కడున్నాయో చూపించే పది షీట్ల పీడీఎఫ్ చాలు.

## దారులు ఏమున్నాయి

| | ఎంత ఇరుకుకు ఆగుతుంది | మొదటి ఖర్చు | మార్పులకు వేగం | మీ వైపు కావాల్సిన మనిషి | ఎక్కడ దెబ్బతింటారు |
|---|---|---|---|---|---|
| టూడీ డ్రాయింగులు కలిపి చూడటం | తక్కువ | చాలా తక్కువ | వేగం | అనుభవమున్న ఇంజనీర్ | ఎత్తులు, వాలులు |
| ఇరుకు చోట్లకే మోడల్ | మధ్యస్థం | తక్కువ | బాగుంటుంది | చోట్లు ఎంచగలిగినవాళ్లు | ఎంచని చోట |
| పూర్తి మోడల్ బయట చేయించడం | ఎక్కువ | మధ్యస్థం | నెమ్మది | జవాబులిచ్చే కోఆర్డినేటర్ | ఆలస్యం, సైజుల తేడా |
| సొంత టీమ్ | ఎక్కువ | ఎక్కువ | చాలా వేగం | లీడ్, ఇద్దరు ముగ్గురు మోడలర్లు | మనుషులు మానేస్తే |
| ఫ్యాబ్రికేషన్ స్థాయి మోడల్ | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ | డిజైన్ ఖాయమయ్యాక మార్చలేం | వర్క్‌షాప్ ఉన్న కాంట్రాక్టర్ | డిజైన్ కదిలితే |

### టూడీ డ్రాయింగులు కలిపి చూడటం

కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ 1982లో వచ్చింది. అప్పటికంటే ముందు ట్రేసింగ్ పేపర్లు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురులో చూసేవారు. ఇప్పుడు అదే పని లేయర్లతో చేస్తున్నాం. దీన్ని తక్కువగా చూడాల్సిన పనిలేదు. ఒక్క ఇంటికో, అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌కో, సెంట్రల్ ఏసీ లేని స్కూలు బిల్డింగుకో బాగా చేసిన టూడీ సరిపోతుంది.

"బాగా చేసిన" అన్న మాట మీద నేను గట్టిగా నిలబడతాను. ప్లాన్లు ఒకదానిమీద ఒకటి వేసి చూస్తే చాలదు. ప్లాన్‌లో రెండు గీతలు దాటుకుంటే అది తగులుకోవడమో, ఒకటి పైనుంచి ఒకటి కిందినుంచి పోవడమో తెలియదు. అందుకే ప్రతి పైపు పక్కన అడుగు ఎత్తు రాయాలి. ఇరుకు చోట్ల 1:20లో సెక్షన్ గీయాలి. డ్రెయిన్ పైపుకు మొదట ఎత్తు, చివర ఎత్తు రెండూ రాయాలి. ఈ మూడూ చేసే ఆఫీసులు తక్కువ. చేయకుండా ఇచ్చిన డ్రాయింగులు సైట్‌లో ప్లంబర్ చేతిలోకి వచ్చేసరికి నిర్ణయమంతా ప్లంబర్‌దే అవుతుంది.

### ఇరుకు చోట్లకే మోడల్

మధ్యస్థ బిల్డర్లకు నేను ఎక్కువగా చెప్పేది ఇదే. మొత్తం బిల్డింగును మోడల్ చేయకుండా కారిడార్లు, షాఫ్టులు, బేస్‌మెంట్ పంపు గది, ప్లాంట్ రూమ్, ఒక నమూనా అంతస్తు, ఒక నమూనా టాయిలెట్ మాత్రమే త్రీడీలో చేస్తారు. ఫ్లాట్ల లోపలి వైరింగ్ అంతా టూడీలోనే ఉంటుంది.

ఖర్చు తగ్గుతుంది. అంతకన్నా మేలు, అందరి దృష్టీ తగాదా ఉన్న చోటే నిలుస్తుంది. నష్టం కూడా ఉంది. ఏ చోట్లు ఇరుకో ముందే పసిగట్టగల మనిషి కావాలి. బేస్‌మెంట్ ర్యాంపు పైన స్ప్రింక్లర్ మెయిన్ వస్తుందని ఎవరూ అనుకోరు. కారు పైకెక్కే చోట హెడ్‌రూమ్ తగ్గిందని టైల్స్ పడ్డాకే తెలుస్తుంది. అందుకని చోట్ల జాబితా రాసేటప్పుడు ర్యాంపు, మెట్ల ల్యాండింగు, లిఫ్ట్ లాబీ మూడింటినీ అడక్కుండానే చేర్చేయండి.

### పూర్తి మోడల్ బయట చేయించడం

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇక్కడో సౌకర్యం ఉంది. అమెరికా, బ్రిటన్, గల్ఫ్ ప్రాజెక్టులకు మోడలింగ్ చేసే ఆఫీసులు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. పని తెలిసిన పిల్లలు దొరుకుతారు. మీ సైట్‌కు అరగంట దూరంలోనే మంచి మోడలర్ కూర్చుని ఉండొచ్చు.

చిక్కు ఏమిటంటే, వాళ్ల చేయి తిరిగింది అక్కడి సైజుల మీద. బిమ్ మోడల్ గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో పైపుకూ, ఫిట్టింగుకూ ముందే చేసిపెట్టిన వస్తువులుంటాయి, వాటిని ఫ్యామిలీలంటారు. అవి మన షాపులో దొరికే ఫిట్టింగులతో కలవకపోవచ్చు. మురుగు, వాననీళ్లు పోయే మన ఎస్‌డబ్ల్యూఆర్ పైపులు 75, 90, 110, 160 మి.మీ. సైజుల్లో వస్తాయి. వాటి బెండు ఎంత చోటు తీసుకుంటుంది, నేల మీది నీళ్లు పోయే నహానీ ట్రాప్ లోతు ఎంత అన్నవి సంక్ స్లాబ్ (టాయిలెట్ దగ్గర కిందికి దించి పోసే స్లాబ్) లోతును నిర్ణయిస్తాయి. మోడల్‌లో వేరే ట్రాప్ పెడితే సంక్ 50 మి.మీ. తక్కువ వస్తుంది. ఆ తేడా టైల్స్ మేస్త్రి వచ్చేదాకా బయటపడదు. మీరు కొనబోయే బ్రాండు క్యాటలాగ్ పీడీఎఫ్ వాళ్లకు మొదటిరోజే పంపండి.

రెండోది ఇన్సులేషన్. కొంతమంది డక్టులనూ, చల్లనీటి పైపులనూ ఇన్సులేషన్ లేకుండా మోడల్ చేస్తారు. క్లాష్‌ల సంఖ్య తక్కువగా కనిపిస్తుంది, అందరూ సంతోషిస్తారు. సైట్‌లో చోటు చాలక ఇన్సులేషన్‌ను కోసి బిగిస్తారు. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఎక్కువున్న ఊళ్లలో ఆ కోసిన చోట చెమట పట్టి ఫాల్స్ సీలింగ్ మీద గోధుమ రంగు మరకలు పడతాయి. అప్పుడు ఏసీ కాంట్రాక్టర్‌ను తిడతారు. ఆ తప్పు ఏడాది కిందటే మోడల్‌లో జరిగింది.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. బయటి ఆఫీసు రోజుకు పది ప్రశ్నలు పంపుతుంది. వాటికి మీవైపు నుంచి రెండు రోజుల్లో జవాబు పోవాలి. ఆ పనికి ఒక మనిషిని పూర్తిగా కేటాయించకపోతే వాళ్లు తమకు తోచింది అనుకుని గీసేస్తారు. అలా గీసిన మోడల్ చూడ్డానికి పూర్తయినట్టే ఉంటుంది. దాన్ని నమ్మి సైట్‌కు పంపితే మళ్లీ మొదటికొస్తాం.

### సొంత టీమ్

ఏడాదికి మూడు నాలుగు పెద్ద ప్రాజెక్టులు వరుసగా ఉంటే ఆలోచించండి. ఒకే ప్రాజెక్టు కోసమైతే వద్దు. లైసెన్సులు ఏటా కట్టాలి. కంప్యూటర్లు మామూలువి సరిపోవు. 32 జీబీ ర్యామ్‌కు తక్కువైతే పెద్ద మోడల్ తెరిచినప్పుడల్లా టీ తాగి రావచ్చు. టీమ్ కుదురుకోవడానికి ఆరు నెలలు పట్టడం మామూలే.

దీనికున్న బలం వేరే దేనికీ లేదు. పొద్దున సైట్ ఇంజనీర్ ఫోటో పంపితే మధ్యాహ్నానికి మోడల్ మారుతుంది, సాయంత్రానికి కొత్త ప్రింటు సైట్‌లో ఉంటుంది. మోడలర్‌ను బండెక్కించి సైట్‌కు తీసుకెళ్లి "ఇదిగో, ఇక్కడ స్పానర్ తిరగదు" అని చూపించొచ్చు. ఆ ఒక్క రోజు తర్వాత ఆ పిల్లవాడు వాల్వు పక్కన చోటు వదలకుండా ఎప్పుడూ గీయడు.

భయం ఒక్కటే. నేర్చుకున్న మోడలర్‌కు బయట మంచి జీతం వస్తుంది. లీడ్ ఒక్కరి తలలోనే అన్ని పద్ధతులూ ఉండి, ఆ మనిషి మానేస్తే టీమ్ కూలుతుంది. ఫైళ్ల పేర్లు, టెంప్లేట్లు, క్లాష్ చూసే పద్ధతి రాతలో పెట్టుకోవాలి.

### ఫ్యాబ్రికేషన్ స్థాయి

డక్ట్ ముక్కల దాకా, హ్యాంగర్ల దాకా మోడల్ చేసి, దాన్నుంచి నేరుగా వర్క్‌షాప్‌లో తయారుచేసి, సైట్‌లో బిగించడం. డేటా సెంటర్లకూ, ఒకే రకం గదులు వందల్లో ఉండే హోటళ్లకూ నప్పుతుంది. డిజైన్ పూర్తిగా ఆగిపోవాలి. మన దగ్గర చాలా ప్రాజెక్టుల్లో ఆ ఆగడం అనేది జరగదు. అందుకే ఎక్కువమందికి దీన్ని నేను సూచించను.

## మీరు ఎవరన్నదాన్ని బట్టి

సొంతిల్లు కట్టుకునేవాళ్లు. బిమ్ కోసం డబ్బు పెట్టకండి. ఆర్కిటెక్ట్ దగ్గర టాయిలెట్లకూ, వంటింటికీ సెక్షన్లు గీయించుకోండి. గోడలు ప్లాస్టరింగ్ అయ్యేముందు ప్రతి గోడనూ టేపు ఆనించి ఫోటో తీసుకోండి. పదేళ్ల తర్వాత మేకు కొట్టేటప్పుడు అదే మీ మోడల్.

అపార్ట్‌మెంట్ బిల్డర్. అయిదారంతస్తులైతే టూడీ. మైవాన్‌తో పైకి లేచేదైతే నమూనా అంతస్తు మోడల్ తప్పనిసరి అంటాను. ఆ ఒక్క అంతస్తుకు పెట్టే శ్రమ మిగతా అన్ని అంతస్తులకూ పనికొస్తుంది. ఇంత లాభసాటి మోడల్ ఇంకో రకం బిల్డింగులో దొరకదు. బేస్‌మెంట్లను కూడా కలుపుకోండి.

ఆఫీసు ఇంటీరియర్ చేసేవాళ్లు. ఇక్కడ సమయమే తక్కువ. ఉన్న బిల్డింగులోకి వెళుతున్నారు కాబట్టి పాత డ్రాయింగులను నమ్మొద్దు. సీలింగ్ పైన నిజంగా ఏముందో లేజర్ స్కాన్ చేయించి, ఆ చుక్కల గుంపు మీద మోడల్ గీయిస్తే ఎన్నో అనుమానాలు తీరతాయి. స్కాన్‌కు కనిపించిందే వస్తుంది. కాబట్టి పాత ఫాల్స్ సీలింగ్ విప్పాకే చేయించాలి. విప్పకుండా స్కాన్ చేయించి డబ్బు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

ఆసుపత్రి. మంచాల సంఖ్య చిన్నదే కదా అని టూడీతో మొదలుపెట్టొద్దు. ఆపరేషన్ థియేటర్‌కు ఏసీ డక్టులు పెద్దవి. ఆక్సిజన్, వాక్యూమ్ లైన్లు రాగి పైపుల్లో వస్తాయి. వాటికి వాల్వు బాక్సులు చేతికందేచోట ఉండాలి. పైన డ్రెయిన్ పైపు లీకైతే కింద ఉండేది రోగి. ఇక్కడ పూర్తి మోడల్ బయటైనా సరే, సొంతంగానైనా సరే, చేయించాల్సిందే. వ్యాసం మొదట్లో చెప్పిన కారిడార్, మోడల్ చేయించని ఆసుపత్రిది.

ఎమ్ఈపీ కాంట్రాక్టర్. మీ పరిస్థితి అందరికన్నా కష్టం. కన్సల్టెంట్ ఇచ్చే డ్రాయింగు డిజైన్ కోసం, మీకు కావాల్సింది బిగించడం కోసం. ఆ తేడాను ఎవరి డబ్బుతో పూడ్చాలన్నది టెండర్ దశలోనే తేల్చుకోండి. చిన్న కాంట్రాక్టర్ అయితే బయట మోడలింగ్ చేయించి, మీ ఫోర్‌మన్‌ను వారానికోసారి ఆ స్క్రీన్ ముందు కూర్చోబెట్టండి. ఇరవై ఏళ్లు డక్టులు బిగించిన మనిషి పది నిమిషాల్లో చెప్పేది ఏ క్లాష్ రిపోర్టూ చెప్పదు.

## సాఫ్ట్‌వేర్ మాట

ఈ ప్రశ్న చివరికి ఉంచడానికి కారణం ఉంది. పై నిర్ణయం అయ్యాక ఇది దాదాపు దానంతటదే తేలుతుంది.

మన దగ్గర ఎక్కువమంది వాడేది రెవిట్. 2002లో ఆటోడెస్క్ దాన్ని కొనుక్కుంది. మనుషులు దొరకడం, కన్సల్టెంట్ల ఫైళ్లు నేరుగా తెరుచుకోవడం దీని పెద్ద లాభాలు. ఒక విషయం ముందే చెప్పుకోండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన రెవిట్ ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. ప్రాజెక్టు మొదలైన రోజే అందరూ ఏ సంవత్సరం వెర్షనో రాసుకోవాలి. ఒక మోడలర్ అనుకోకుండా అప్‌గ్రేడ్ చేస్తే మిగతా ముగ్గురూ ఆగిపోతారు. చవకగా వస్తుందని రెవిట్ ఎల్‌టీ కొనకండి, అందులో డక్టులూ పైపులూ గీసే సాధనాలుండవు.

క్లాష్‌లు చూడటానికి నావిస్‌వర్క్స్. దాంట్లో మూడు రకాలున్నాయి, క్లాష్ పరీక్ష చేసేది మేనేజ్ మాత్రమే. ఫ్రీడమ్ అన్నది ఉచితం, తయారైన మోడల్‌ను తిప్పి చూడటానికి చాలు. సైట్ ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్‌లో అది వేసిపెట్టండి, ఖర్చేమీ లేదు.

ఆర్కిటెక్ట్ ఆర్కిక్యాడ్ వాడుతుంటే ఐఎఫ్‌సీ ఫార్మాట్‌లో ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఏ కంపెనీకీ చెందని ఫార్మాట్ అది, ఐఎస్ఓ 16739గా ప్రమాణం కూడా అయింది. పదేళ్ల తర్వాత కూడా ఫైలు తెరుచుకోవాలనుకుంటే నేటివ్ ఫైలు (ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫైలు)తోపాటు ఐఎఫ్‌సీ కూడా తీసుకోండి. బోన్సాయ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఇంతకుముందు దాన్ని బ్లెండర్‌బిమ్ అనేవారు. ఓపికున్న చిన్న టీమ్‌లకు పనికొస్తుంది. రేపే డ్రాయింగులివ్వాల్సిన సైట్ మీద మాత్రం దాంతో ప్రయోగాలొద్దు.

## బయట చేయిస్తే ఆర్డర్‌లో ఏం రాయించాలి

"బిమ్ మోడల్ ఇవ్వాలి" అని ఒక్క ముక్క రాస్తే ఏదో ఒకటి ఇస్తారు. మోడల్ ఎంత వివరంగా ఉండాలో చెప్పడానికి ఎల్ఓడీ అనే కొలత ఉంది. 300 అంటే సైజు, ఆకారం, చోటు సరిగ్గా ఉంటాయి. 350లో పక్కనున్నవాటితో ఎలా కలుస్తుందో, సపోర్టులు ఎక్కడో కూడా వస్తుంది. 400 అంటే తయారీకి సరిపడా. కారిడార్లకూ, షాఫ్టులకూ 350 అడగండి, మిగతాచోట్ల 300 చాలు. అంతటా 400 అడిగితే డబ్బు దండగ.

డ్రెయిన్ పైపులన్నీ వాలుతోనే గీయాలని, ఇన్సులేషన్ మందం కలిపి క్లాష్ చూడాలని విడిగా రాయించండి. ఏసీ యూనిట్ల నుంచి వచ్చే సన్నటి నీటి పైపులకు కూడా వాలు కావాలి, వీటిని అందరూ మర్చిపోతారు. వాల్వులు, డ్యాంపర్లు, ఫ్యాన్ కాయిల్ యూనిట్ల దగ్గర చేయి పట్టే ఖాళీని కూడా ఒక వస్తువుగా మోడల్ చేయమనండి. అప్పుడు ఆ ఖాళీలోకి ఏదైనా వస్తే అదీ క్లాష్‌గా కనిపిస్తుంది.

క్లాష్‌ల సంఖ్య చూసి డబ్బులివ్వకండి. మొదటి రిపోర్టులో వేలల్లో వస్తాయి. ఒకే డక్ట్ పది పైపులకు తగిలితే అది పది క్లాష్‌లు, సమస్య మాత్రం ఒకటే. "రెండో అంతస్తు, గ్రిడ్ సి-4 దగ్గర డక్ట్ 150 దిగాలి" అన్న రూపంలో రావాలి. ఎవరు జరగాలన్నదానికి ముందే ఒక వరుస పెట్టుకుంటే సగం మీటింగులు తగ్గుతాయి. వాలు మీద పారే పైపు మొదట, ఎందుకంటే దాన్ని పైకి ఎక్కించలేం. తర్వాత పెద్ద డక్టులు, తర్వాత చల్లనీటి పైపులు, స్ప్రింక్లర్, కేబుల్ ట్రేలు, చివర కాండ్యూట్లు. ట్రేలు వరుసలో వెనకున్నా నీటి పైపులకు పైనే ఉండాలి.

నేటివ్ ఫైళ్లు మీ చేతికి రావాలని కూడా రాయించండి. పీడీఎఫ్‌లు మాత్రమే తీసుకున్నవాళ్లు రెండేళ్ల తర్వాత ఒక గోడ జరపాలంటే మళ్లీ మొదట్నుంచి డబ్బు కట్టారు.

ఇక చివరగా ఒక పని. అది ఏ దారిలో వెళ్లినా చేయాల్సిందే. స్లాబ్ పోసే ముందురోజు సాయంత్రం, సెంట్రింగ్ మీద కడ్డీలు కట్టేసి ఉన్నప్పుడు, మోడల్ నుంచో టూడీ నుంచో తీసిన స్లీవ్ డ్రాయింగ్ ప్రింటు పట్టుకుని పైకెక్కండి. పక్కన ప్లంబర్‌నూ ఎలక్ట్రీషియన్‌నూ నిలబెట్టుకోండి. గ్రిడ్ లైను నుంచి టేపు పట్టి ఒక్కో స్లీవ్ కొలిచి, ప్రింటు మీద స్కెచ్ పెన్నుతో టిక్ పెట్టండి. డ్రాయింగ్‌లో పద్నాలుగు ఉండి సెంట్రింగ్ మీద పదమూడే కనిపిస్తే, పొద్దున పంపు లారీ ఎన్నింటికి వస్తుందో అడిగి, ఆ పద్నాలుగోది పెట్టేదాకా కిందికి దిగకండి.